ప్రీమియర్ రాత్రి హీరో థియేటర్‌కి రావాలా, వద్దా?

నేలటికెట్ (చర్చ మొదలుపెట్టినవారు)
2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ సంధ్య 70 ఎంఎంలో ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి అల్లు అర్జున్ వచ్చినప్పుడు తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది, తొమ్మిదేళ్ల కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. తర్వాత కేసు, అరెస్టు, బెయిలు, అసెంబ్లీలో మాటలు అన్నీ చూశాం. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, ఇక్కడ ఆ గొడవ వద్దు. నా ప్రశ్న ఒక్కటే: టికెట్ కొన్న మామూలు జనం ఉండే హాలుకి ప్రీమియర్ రాత్రి హీరో రావడం అసలు సాధ్యమైన పనేనా? ఏర్పాట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

క్రాస్‌రోడ్స్_కిట్టు
రావాలె అన్నా. ఆ రాత్రి టికెట్ లెక్క చూడుండ్రి. సర్కారు 800 పెంచుకోమన్నది, జీఎస్టీతోని 944. సింగిల్ స్క్రీన్ల మామూలు రేటు 177 కలిపితే 1,121. మల్టీప్లెక్స్‌ల 1,239. గంత పెట్టి కొన్నోడు బొమ్మ కోసమే కొన్నడా? అదే బొమ్మ తెల్లారి మార్నింగ్ షోల గూడ పడుతది. పేపర్లు, విజిల్స్, హీరో మన నడుమ కూసునుడు, ఆ రాత్రి అమ్మే సరుకే అది. హీరోను రానియ్యకుంటే ఆ రేటు గూడ తీసెయ్యుండ్రి.

గేటుమనిషి
కిట్టూ, సరుకు సంగతి ఒప్పుకుంటా. కొట్టు కొలతలు కూడా చూడు మరి.

1,200 సీట్ల హాలు అనుకుందాం. గేటు దగ్గర ఒక మనిషి టికెట్ చూసి, జేబులు తడిమి పంపితే నిమిషానికి పదకొండు మందికి మించి లోపలికి పోరు. స్టేడియాల భద్రత కోసం బ్రిటన్‌లో రాసుకున్న గైడ్‌లో కూడా ఒక్కో దారికి గంటకు 660 మందే గరిష్ఠం. ఇద్దరు మనుషులుంటే నిమిషానికి 22. హాలు నిండడానికి 55 నిమిషాలు. 9.30 ఆటకి గేటు 9 గంటలకి తీశారంటే, బొమ్మ పడే వేళకి 660 మంది లోపల, 540 మంది ఇంకా రోడ్డు మీద ఉంటారు. హీరో కారు వచ్చేది సరిగ్గా అప్పుడే.

ఇక రోడ్డు. గేటు ముందు 8 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉంటే 400 చదరపు మీటర్లు. టికెట్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి 2,000 మంది అనుకో, చదరపు మీటరుకి ఐదుగురు. ఇరుకే, కానీ ఊపిరాడుతుంది. అందులోకి కార్లు, వాటి చుట్టూ బౌన్సర్లు వచ్చి 3 మీటర్ల వెడల్పు ఆక్రమించారు. మిగిలింది 250. జనం అంతే, ఇప్పుడు చదరపు మీటరుకి ఎనిమిది మంది. ఆరేడు దాటాక ఎవడి కాళ్లు వాడి మాట వినవు, గుంపంతా నీళ్లలా ఊగుతుంది. కాళ్ల కింద పడే చనిపోతారని చాలామంది అనుకుంటారు. కానీ నిలబడినచోటే, రొమ్ము విచ్చుకునే జాగా లేక ఊపిరాడకపోవడం ఎక్కువ. బౌన్సర్ వెనక్కి నెట్టేది ముందు వరసని. ఆ సంగతి యాభై అడుగుల వెనక ఉన్నవాడికి తెలీదు. వాడు ముందుకి తోస్తూనే ఉంటాడు.

క్రాస్‌రోడ్స్_కిట్టు
అందుకే కదా పోలీసోళ్లకు ముందుగాల చెప్పేది. రోప్ పార్టీ, గదే తాడు పట్టి జనాన్ని ఆపే పోలీసోళ్ల జట్టు, పెడితే అయిపాయె.

గేటుమనిషి
తాడు జనాన్ని పక్కకి జరుపుతుంది. జరగడానికి పక్కన చోటుండాలిగా. ఒకవైపు ప్రహరీ, ఇంకోవైపు వరసగా నిలబెట్టిన బండ్లు ఉన్నచోట తాడు చేసేదీ బౌన్సర్ చేసే పనే. చెప్పడం సంగతికొస్తే, థియేటర్ వాళ్లు 2న బందోబస్తు అడిగారని, రాకపోకలకి ఒకే దారి ఉందని హీరోని రావద్దంటూ 3న పోలీసులు బదులిచ్చారని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి డిసెంబర్ 21న అసెంబ్లీలో అన్నారు. అనుమతి లేకుండా వెళ్లాననడం నిజం కాదని అల్లు అర్జున్ అదే రోజు చెప్పారు. నేను చెప్పేది అందరికీ: ఉత్తరం ఇచ్చి రసీదు తెచ్చుకుంటే బందోబస్తు వచ్చినట్టు కాదు. ఎంతమంది సిబ్బంది, ఏ గేటు, ఎన్ని గంటలకి అన్నది చేతిలో కాగితం మీద ఉండాలి.

ప్రొజెక్షన్_రూమ్
గేటుమనిషి గారు ఒకటి వదిలేశారు, టైము. ఆ సినిమా నిడివి 200 నిమిషాలు. 9.30కి మొదలై, విరామం 15 నిమిషాలిస్తే 1.05కి వదులుతుంది. తెలంగాణలో అప్పుడు దాని ప్రత్యేక ఆటలకి ఇచ్చిన వేళలు 9.30, ఒంటిగంట. ఒకే స్క్రీన్‌లో రెండూ వేస్తే మొదటి ఆట వదలకముందే రెండో ఆట జనం గేటుకి ఆనుకుని ఉంటారు. బయటికొచ్చేవాళ్లు, లోపలికెళ్లేవాళ్లు ఎదురెదురు. హీరో వచ్చినా రాకపోయినా ఇది జరుగుతుంది.

దీనికి తోడు కీ బాధ. సినిమా ఫైలు ముందే హాలుకి చేరుతుంది, తెరిచే కీ మాత్రం విడిగా వస్తుంది. అది ఆ ఒక్క సర్వర్‌కి, ఆ ఇచ్చిన గడువులోనే పనిచేస్తుంది. సర్వర్ మార్చిన సంగతి పైవాళ్లకి చెప్పకపోయినా, గడువు ఒక గంట అటూ ఇటూ పడినా తెర మీద ఏమీ రాదు. కొత్త కీ తెప్పించేదాకా ఆట ఆగుతుంది. బయట ఉన్నవాళ్లకి ఇదెవరూ చెప్పరు. లోపల అడ్వర్టైజ్‌మెంట్ల చప్పుడు వినబడగానే బొమ్మ పడిపోయిందనుకుని తోస్తారు. గేటు దగ్గర ఒక మైకు, “ఇంకా మొదలవలేదు, మీరు వచ్చాకే వేస్తాం” అని చెప్పే ఒక గొంతు. పది మంది బౌన్సర్ల కన్నా అదే నయం.

టెక్సాస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో ప్రీమియర్ అంటే మల్టీప్లెక్స్‌లో నంబరు సీట్లు, ఒకే సినిమా నాలుగైదు స్క్రీన్లలో పావుగంట తేడాతో. హాలు వాళ్లతో గొడవల్లా పేపర్లు చల్లడం దగ్గరే, ఊడ్చే ఖర్చు అడుగుతారు. హీరోని చూడాలంటే దానికి వేరే రోజు, వేరే హాలు. 2024 డిసెంబర్ 21న ‘గేమ్ ఛేంజర్’ వేడుక డాలస్ పక్కన గార్లండ్‌లో అలాగే పెట్టారు. బొమ్మకొక రోజు, మనిషికొక రోజు. హైదరాబాద్‌లో ఎందుకు కుదరదు?

బాల్కనీ_లక్ష్మి
కుదురుతుందండీ, కానీ అదేం సర్వరోగనివారిణి కాదు. 2024 సెప్టెంబర్ 22న హైదరాబాద్ నోవోటెల్ హోటల్లో ‘దేవర’ వేడుక హాలు పట్టనంత జనం రావడంతో రద్దయింది. మీరన్న ‘గేమ్ ఛేంజర్’కే 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో వేడుక పెడితే, ఇంటికి తిరిగెళ్తూ ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో పోయారు. మైదానంలో పెడితే గేటు ఇబ్బంది తగ్గుతుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో బండి మీద వందల కిలోమీటర్ల తిరుగు ప్రయాణం మొదలవుతుంది. అందుకని వేడుక సాయంత్రం ఏడింటికల్లా ముగించాలి. ఆఖర్న మాట్లాడే హీరోని మొదట మాట్లాడిస్తే సగం జనం వెలుతురుండగానే బయల్దేరతారు. నిర్మాతలు ఒప్పుకోరనుకోండి, లైవ్ చూసేవాళ్లు తగ్గుతారుగా!

నేలటికెట్
అయితే నిషేధించడమే మందా?

గేటుమనిషి
నిషేధం అనను. హాలు నిండి, లైట్లు ఆరి, టైటిల్స్ అయిపోయాక హీరో రావాలి. జనం గేటు కాకుండా వేరే దారి ఉన్న హాలు అయితేనే. ఒకటే కారు, సన్‌రూఫ్ మూసి. విరామానికి ముందే వెళ్లిపోవాలి. వచ్చే ముందు ఎవరూ పోస్టు పెట్టకూడదు. ఇందులో ఒక్కటి కుదరకపోయినా ఇంట్లో కూర్చోవడం మంచిది. మల్టీప్లెక్స్‌లో బేస్‌మెంట్‌లో దిగి సర్వీస్ లిఫ్ట్‌లో పైకి రావచ్చు, స్క్రీన్‌కి 200, 300 సీట్లే. పాత సింగిల్ స్క్రీన్లు చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

క్రాస్‌రోడ్స్_కిట్టు
చీకట్ల వచ్చి చీకట్ల పోతే ఇగ వచ్చుడెందుకు? సరే, వెనుక గేటు నుంచే రమ్మను. ఒక్కసారి బాల్కనీల నిలవడి చెయ్యి ఊపితే సాలు.

గేటుమనిషి
బాల్కనీ మాత్రం వద్దు. నేల జనమంతా మెట్ల మీద పడతారు. సమతలం మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది నడవగలిగితే మెట్ల మీద 66 మందే, అదీ ఒకే దిక్కుకి నడిస్తే. ఊపాల్సి వస్తే తెర ముందు స్టేజి మీద నిలబడి ఊపమను. నేలకి బిగించిన సీట్ల వరసలే బారికేడ్లవుతాయి, ఎవడు ముందుకి రావాలన్నా నడవాలోంచి ఒక్కొక్కడే రావాలి. పక్క తలుపు స్టేజికి దగ్గరుంటే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

బాల్కనీ_లక్ష్మి
టికెట్ చేతిలో పెట్టుకుని ఇది చదివేవాళ్లకి. రాత్రి 11 దాటాక, ఉదయం 11 లోపు పదహారేళ్ల లోపు పిల్లల్ని హాళ్లలోకి రానివ్వద్దని 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పి, మార్చిలో సడలించింది. చట్టం సంగతి ఎలా ఉన్నా హీరో వస్తున్నాడంటున్న ఆటకి పిల్లలు వద్దు, పొద్దున ఆటకి తీసుకెళ్లండి. పెద్దవాళ్లు గంట ముందే లోపలికెళ్లి కూర్చోండి. చున్నీ, సంచి పట్టీ వేలాడనివ్వకండి. ఇరుక్కుంటే చేతులు రొమ్ము ముందు మడిచి, గోడకి ఆనుకోకుండా, తోపు ఆగిన క్షణంలో ఏటవాలుగా పక్కకి జరగండి. ఫోన్ కింద పడితే వంగొద్దు. తెర మీద బొమ్మని ఫోన్లో తీయొద్దు కూడా, 2023 సవరణ చట్టం ప్రకారం దానికి తక్కువలో తక్కువ మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా.

క్రాస్‌రోడ్స్_కిట్టు
టైటిల్ కార్డు గూడ తీయొద్దా అక్కా?

బాల్కనీ_లక్ష్మి
అది కూడా తెర మీదే కదా పడేది, తమ్ముడూ.