ధాతువులు విడగొట్టి నేర్పితే చైనీస్ విద్యార్థులకి ఇంగ్లిష్ పదాలు వస్తాయా?

నుడిగింజ

సూటిగా అడుగుతున్నాను. మాండరిన్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళు పన్నెండుమంది, ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకునేవాళ్ళు, సెట్-4 పరీక్షకి కూర్చుంటున్నారు. (మన ఎంసెట్‌కీ దీనికీ చుట్టరికం లేదు. చైనా కాలేజీ విద్యార్థులు 1987 నుంచి రాస్తున్న ఇంగ్లిష్ పరీక్ష ఇది. ఇప్పుడు 710 మార్కులకి పెడతారు, 425 వస్తే గట్టెక్కినట్టు లెక్క.) తెలిసిన పదాలు 2,500 దాకా ఉంటాయి, పరీక్షకి నాలుగున్నర వేల చుట్టూ కావాలి. చేతిలో 14 వారాలున్నాయి, తరగతి వారానికి మూడు గంటలు. లాటిన్ ధాతువులు, ఉపసర్గలు, ప్రత్యయాలు పట్టుకుని పదాల్ని విడగొడుతూ నేర్పాలా, లేక ఆ టైమంతా చదివించడానికీ కార్డులకీ (ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉండేవి) పెట్టాలా? "ధాతువు తెలిస్తే పది పదాలు ఉచితం" అనే పక్షం ఒకటుంది, "శుద్ధ దండగ" అనే పక్షం ఇంకొకటి. రెండువైపులా వివరంగా చెప్పేవాళ్ళు కావాలి.

సంధిసమాసం

విడగొట్టే నేర్పండి. చైనీస్‌లో పదం ఎలా కడతారో చూస్తే ఎందుకో తెలుస్తుంది. ద్యెన్ అంటే కరెంటు. ద్యెన్‌నావ్ కరెంటు మెదడు, అంటే కంప్యూటర్. ద్యెన్‌హ్వా కరెంటు మాట, ఫోన్. ద్యెన్‌యింగ్ కరెంటు నీడ, సినిమా. పంది మాంసం, ఆవు మాంసం, గొర్రె మాంసం జూరౌ, న్యూరౌ, యాంగ్‌రౌ. మూడింట్లోనూ "రౌ" మాంసమే. అలాంటివాళ్ళకి ఇంగ్లిష్ పిగ్ చూపించి పోర్క్ అని, కౌ చూపించి బీఫ్ అని చెబుతుంటే ప్రతి పదమూ ఒక బండరాయే. పట్టుకోవడానికి గంటు ఎక్కడా ఉండదు.

ఆ గంట్లు లాటిన్, గ్రీకు మాటల్లో దొరుకుతాయి. చైనీస్‌లో "యెన్" అంటే వాపు, మంట. ఆ అక్షరం రాయాలంటే నిప్పు గుర్తు మీద ఇంకో నిప్పు గుర్తు పెడతారు. గాన్‌యెన్ కాలేయం వాపు, హెపటైటిస్. షెన్‌యెన్ మూత్రపిండాల వాపు, నెఫ్రైటిస్. వెయ్‌యెన్ కడుపు వాపు, గ్యాస్ట్రైటిస్. గ్వాన్‌జ్యేయెన్ కీళ్ళ వాపు, ఆర్థ్రైటిస్. చివరి "ఐటిస్" అంటే మీ యెన్ అని ఒక్క ముక్క చెబితే చాలు. స్కోప్ కూడా అంతే, వాళ్ళ "జింగ్", అద్దం. టెలిస్కోప్ దూరం చూసే అద్దం, మైక్రోస్కోప్ సూక్ష్మాన్ని చూపే అద్దం. అక్షరాన్ని ముక్కలుగా చూడటం వాళ్ళకి ఒకటో తరగతి నుంచీ అలవాటు. ఆ అలవాటుని ఇటు తిప్పుతున్నాం, అంతే. భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో వేసిన అకడమిక్ జాబితాలోని (చదువుల రాతల్లో తరచు వచ్చే మాటలవి) 570 పదకుటుంబాల్లో, అంటే ఒకే మాట రూపాల గుంపుల్లో, అధికభాగం లాటిన్, గ్రీకు సరుకే.

కత్తిరేకు

సంధిసమాసం గారూ, మంచి కాయలన్నీ ఏరి బుట్ట పైన పేర్చారు. సెట్-4లో నెఫ్రైటిస్ ఎన్నిసార్లు వస్తుందండీ?

ధాతువు నుంచి అర్థం ఊహించవచ్చన్న మాట దగ్గరే నా పేచీ. మన వ్యాకరణం వాళ్ళు దీన్ని ఎప్పుడో తేల్చేశారు:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

ధాతువు అర్థాన్ని ఉపసర్గ బలవంతాన ఎక్కడికో ఈడ్చుకుపోతుందని. "హృ" అంటే తీసుకుపోవడం అని తెలిసినవాడు ఆహారం తిండి అనీ, సంహారం చంపడమనీ, పరిహారం నష్టానికిచ్చే డబ్బనీ ఎలా ఊహిస్తాడు? ఇంగ్లిష్‌లో రిసీవ్, డిసీవ్, పర్సీవ్, కన్సీవ్ తీసుకోండి. నాలుగింటికీ మూలం "పట్టుకోవడం" అనే లాటిన్ ధాతువే. అది తెలిసి డిసీవ్ అంటే మోసమని పోల్చినవాడిని చూపించండి. పదం అర్థం ముందే తెలిసినవాడికి ధాతువు ముచ్చటగా ఉంటుంది, తెలియనివాడికి అదీ ఒక కొత్త మాటే.

పైగా మీ యెన్ చదవడానికే పనికొస్తుంది, రాయడానికి రాదు. ఫెయ్‌యెన్ అంటే ఊపిరితిత్తుల వాపు. ఆ లెక్కన చివర ఐటిస్ ఉండాలి. ఇంగ్లిష్‌లో న్యుమోనియా అంటారు.

ఇక అసలు లోటు వేరేచోట ఉంది. వీళ్ళకి టాలరేట్ తెలుసు, పుటప్ విత్ తెలీదు. అబాండన్ తెలుసు, గివప్ దగ్గర తడుముకుంటారు. (పదాల పుస్తకాలు అక్షరక్రమంలో ఉండి మొదటి పేజీలోనే అబాండన్ తగలడం, కుర్రాళ్ళు దానితోనే పుస్తకాన్ని అబాండన్ చెయ్యడం చైనాలో పాత జోకు.) ఎక్కువగా వాడే మొదటి రెండువేల మాటల్లో గెట్, టేక్, సెట్, రన్ లాంటి పొట్టి మాటలదే పెత్తనం. వాటిని ఏ ధాతువూ ఆదుకోదు.

కార్డులపెట్టె

ఇద్దరూ పదం మొదలు గురించే కొట్టుకుంటున్నారు. మార్కులు పోయేది చివర.

"ఛంగ్‌గొంగ్" అనే ఒక్క మాట చూడండి. విజయం అదే, విజయం సాధించడమూ అదే. విశేషణం కావాలంటే వెనకాల "ద" తగిలిస్తారు, క్రియావిశేషణానికీ "ద"నే. రాతలో అవి వేరు అక్షరాలు, నోట్లో ఒకటే. చైనీస్ పిల్లలే వాటిని తారుమారు చేస్తుంటారు. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటకి నాలుగు గదులు: సక్సీడ్, సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ. "ఐ విల్ సక్సెస్" అని రాసేవాడికి పదం రాదనడానికి లేదు, గది తప్పాడు. తెలుగులో విజయం, విజయవంతమైన, విజయవంతంగా అని మనం చివర్లు మారుస్తాం కాబట్టి మనకిది కొత్త కాదు. వాళ్ళకి కొత్త.

పరీక్షలో దీనికి నేరుగా మార్కులున్నాయి. రీడింగ్ మొదటి భాగంలో పది ఖాళీలు, పదిహేను పదాలు ఇస్తారు. మొత్తంలో 5 శాతం, అంటే ఖాళీకి మూడున్నర మార్కుల పైమాటే. వ్యాసం చదవకముందే పదిహేను పదాల్నీ నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం అని నాలుగు కుప్పలు పోయాలి. ఇక్కడ ప్రత్యయాలే దిక్కు. కానీ మోసాలున్నాయి, ముందే చెప్పి పెట్టండి. "లీ" ఉన్నా ఫ్రెండ్లీ, కాస్ట్లీ విశేషణాలు. "అల్" ఉన్నా ప్రపోజల్, అరైవల్ నామవాచకాలు. "ఇవ్" ఉన్నా ఇనీషియేటివ్ నామవాచకమే. సెపరేట్ లాంటివి రెండు కుప్పల్లోనూ పడతాయి, వాటిని కుప్పల మధ్యలో పెట్టించండి.

కార్డు సంగతి. నాలుగు రూపాలూ ఒకే కార్డు మీద రాస్తే ఎక్కాల్లా వల్లిస్తారు, వాక్యంలో ఏది పెట్టాలో తెలీదు. ఒక కార్డుకి ఒకే గది. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం, పక్కన ఛంగ్‌గొంగ్. వెనకవైపు ఆ ఖాళీకి సరిపోయే రూపం మాత్రమే. ఒకే కుటుంబం కార్డులు ఒకేరోజు వరసగా రాకూడదు, మధ్యలో కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి. లేకపోతే ముందు కార్డు చూసి రెండోది చెప్పేస్తారు.

పెనాంగ్ పిట్ట

చెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. సెట్-4లో వినికిడికి 35 శాతం.

మాండరిన్‌లో అక్షరం అచ్చుతోనో, న్, ఙ్, ర్‌లతోనో ముగియాలి. పదం చివర హల్లులు గుంపుగా వస్తే కొందరు మింగేస్తారు, కొందరు మనం బస్సు, కారు అన్నట్టు అచ్చు తగిలిస్తారు. అందుకే నెస్, మెంట్, షన్ లాంటివి తొందరగా పట్టుబడతాయి, వాటికి సొంత అచ్చు ఉంది. వర్క్‌డ్, హెల్ప్‌డ్, గ్రోత్ చివర్లు వినబడనే వినబడవు. వినబడనిది రాతలోనూ జారిపోతుంది. దీనికొక కిటుకు: తర్వాతి మాట అచ్చుతో మొదలయ్యేట్టు ఇవ్వండి. "హెల్ప్‌డ్ అస్" అన్నది "హెల్ప్-టస్" అవుతుంది, ఆ "ట"కి నిలబడే చోటు దొరుకుతుంది. చైనీస్ వాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. కాంటనీస్, హొక్కియెన్ మాట్లాడేవాళ్ళకి చివర ప్, ట్, క్ సొంత భాషలోనే ఉన్నాయి.

ఇంకోటి, ఊనిక, అంటే పదంలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, స్ట్రెస్. ఇక్, ఇటీ, షన్ చేరితే ఊనిక వాటి ముందున్న అక్షరం మీదికి జరుగుతుంది. ఎకానమీలో "కా" మీద ఉన్నది ఎకనామిక్‌లో "నా" మీదికి పోతుంది. పాజిబుల్‌లో "పా" మీద, పాజిబిలిటీలో "లి" ముందున్న "బి" మీద అని చేత్తో బల్ల కొట్టి చూపించండి. (పాలిటిక్స్, అరబిక్ మినహాయింపులు.) కాగితం మీద కుటుంబమంతా గుర్తుపట్టినవాడు చెవిన పడితే పోల్చుకోలేకపోవడానికి ఇదే కారణం. తెలుగులో ఊనికతో అర్థం మారదు కనుక నేర్పేవాళ్ళకే ఇది తప్పిపోతుంటుంది.

గోంగూర బన్

ధ్వని కలిపి గుర్తుపెట్టుకునే "ష్యేయిన్" పద్ధతి అక్కడ తెగ నడుస్తుందట కదా? ఆంబులెన్స్‌కి "ఆన్ బూ నెంగ్ సి", అంటే "నేను చావకూడదు". బాగానే ఉంది కదండీ, అది వాడకూడదా?

పెనాంగ్ పిట్ట

అర్థం నిలుస్తుంది, ఉచ్చారణ చస్తుంది. నాలుగు అక్షరాలు నాలుగు స్వరాలతో సమానంగా పలుకుతారు, ఊనిక గల్లంతు. వింటే పట్టుకోలేరు.

సంధిసమాసం

ఆంబులెన్స్‌కి మూలం లాటిన్‌లో "నడవడం". సైన్యం వెంట నడిచే ఆసుపత్రిని ఫ్రెంచివాళ్ళు అలా పిలిచారు, అందులోంచి వచ్చింది.

కత్తిరేకు

చూశారా! ఆంబులెన్స్ నేర్చుకోవడానికి ముందు లాటిన్ నడక నేర్చుకోవాలట. ఈ ఒక్కదానికి "నేను చావకూడదు"కే నా ఓటు. ఎటొచ్చీ ఆ చిట్కా పదో ఇరవయ్యో మొండి మాటలకి, అదీ ఆడియో పక్కన పెట్టుకుని. అబద్ధపు విరుపులు మాత్రం రానివ్వకండి. కేండిడేట్‌ని కేన్, డిడ్, డేట్ అని విడగొట్టి కథలు అల్లేవాళ్ళున్నారు. అసలు మూలం "తెలుపు". రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్ళు తెల్లటి వస్త్రం కట్టేవారు.

విడగొట్టడమే కావాలంటే గివప్ జాతిని విడగొట్టండి, నేనూ మీతో వస్తాను. చైనీస్‌లో క్రియ వెనక ఫలితం చెప్పే ముక్క వస్తుంది. చీ తినడం, చీవాన్ తినేయడం. యుంగ్ వాడటం, యుంగ్‌వాన్ వాడేయడం. ఈటప్, యూజప్‌లో "అప్" చేసే పని అదే, మన "ఏయ్" చేసే పనీ అదే. ఛ్వాన్‌షాంగ్‌లో "షాంగ్" పైకి, బట్టలు వేసుకోవడం, పుటాన్. త్వోష్యాలో "ష్యా" కిందికి, విప్పడం, టేకాఫ్. అన్నీ ఇంత చక్కగా కుదరవు, గివప్‌కే కుదరదు. కానీ క్రియ పక్కనున్న చిన్న ముక్క ఊరికే లేదన్న ఎరుక వాళ్ళ భాషలోనే ఉంది.

నుడిగింజ

అందరికీ దండాలు. మరి 14 వారాల్లో సర్దడం ఎలా? లోటు 2,000 పదాలు.

కార్డులపెట్టె

చివరి రెండు వారాలు కొత్త కార్డులు ఆపాలి. మిగిలినవి 84 రోజులు, అంటే రోజుకి 24. పాతవి తిరగేయడమూ కలిపితే రోజుకి 150 నుంచి 200 కార్డులు దాటతాయి, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ వల్ల కాదు. అందుకే మొదటి నాలుగు వారాలు ధాతువుల పేరెత్తకండి. తెలిసిన 2,500లోంచే రోజుకి ఐదు మాటలు తీసి, ఒక్కోదానికి లేని గదులు నింపించండి. లోటులో కొంత భాగం అక్కడే పూడుతుంది, ఎందుకంటే ఆ 2,000లో చాలా మాటలు తెలిసినవాటి చుట్టాలే. ఒక జాగ్రత్త: ప్రతి కుటుంబానికీ నాలుగు గదులూ ఉండవు. ఖాళీ గది చూసి ఊరుకోలేక విద్యార్థి ఏదో సృష్టిస్తాడు. లేని గదిలో మీరే అడ్డగీత కొట్టి ఇవ్వండి.

ఐదో వారం నుంచి ఇరవై ధాతువులు చాలు. ఆ ధాతువున్న మాటలు కనీసం మూడు ముందే తెలిసి ఉంటేనే దాన్ని బయటికి తియ్యాలి. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ తెలిసినవాడికి "పోర్ట్" చూపించి పోర్టబుల్, డిపోర్ట్ ఇవ్వండి. అడాప్ట్, అడాప్ట్‌కి కవలలా కనబడే అడొప్ట్, వాటి పక్కన అడెప్ట్, ఇలాంటివి ఒకే వారంలో రానివ్వకండి. అక్షరక్రమం జాబితాలు చేసే పెద్ద చెరుపు అదే.

కత్తిరేకు

మీ పోర్ట్ ఉదాహరణలోనే గొయ్యి ఉంది. దిగుమతి జిన్‌కౌ, ఎగుమతి చూకౌ. కౌ అంటే నోరు, వాకిలి. రేవునీ గాంగ్‌కౌ అంటారు. ఇంపోర్ట్‌లో పోర్ట్ అంటే కౌ అనీ, రేవు అనీ విద్యార్థి ఖాయం చేసుకుంటాడు, అర్థమూ కుదురుతుంది. పోర్టబుల్ దగ్గర బోల్తా కొడతాడు. అక్కడ పోర్ట్ అంటే మొయ్యడం.

కార్డులపెట్టె

నిజమే, ఆ గొయ్యి చూసుకోలేదు. అయితే వరస మార్చండి. ముందు ట్రాన్స్‌పోర్ట్: అది వాళ్ళ యున్‌షూ, మోసుకెళ్ళడం, అందులో కౌ లేదు. తర్వాత పోర్టబుల్. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ఆఖరున.

నుడిగింజ

బాగుంది, అలాగే వేస్తాను. ఒక్క సందేహం మిగిలింది. సక్సెస్ కుటుంబంలో సక్సెసివ్ ఏ గదిలో పెట్టాలి? అది "ఒకదాని తర్వాత ఒకటి" కదా.

సంధిసమాసం

ధాతువు ప్రకారం అదీ ఆ ఇంటిదే, సక్సీడ్ అసలు అర్థం "వెనకాలే వెళ్ళడం". సింహాసనానికి వారసుడు రావడాన్నీ సక్సీడ్ అనే అంటారు.

కత్తిరేకు

ఆ మాట విద్యార్థికి ఇప్పుడే చెప్పారో, సక్సెస్‌ఫుల్ రాయాల్సినచోట సక్సెసివ్ రాస్తాడు. వేరే పెట్టెలో వేరే కార్డు, చైనీస్ సూచన "ల్యెన్‌షూ", వరసగా అని. రెండూ తడబడకుండా వచ్చాక మీ సింహాసనం కథ చెప్పుకోండి, నాకు అభ్యంతరం లేదు.