అరవై దాటాక బరువులెత్తితే నడుము నొప్పి తగ్గుతుందా, ముదురుతుందా?

నా వయసు 66. నడుము కింది భాగంలో పాత నొప్పి ఉంది. కాళ్లలోకి పాకదు, తిమ్మిరి లేదు. డాక్టరు పరీక్షించి, డిస్కులు వయసుకు తగ్గట్టే అరిగాయని, వ్యాయామం చేయవచ్చని అన్నారు. ఎంత బరువు వరకో చెప్పలేదు.

ఇప్పుడు 40 కిలోలతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల కడ్డీని, అంటే బార్‌ను, పట్టుకుని నిటారుగా లేవడం) చేస్తున్నాను. బార్‌ను కాళ్లకు ఆనించి, తుంటి దగ్గర వంగి లేస్తున్నంతసేపూ నొప్పి తెలియదు. విచిత్రం ఏమిటంటే, ఆ సాయంత్రం నడుము తేలిగ్గా ఉంటుంది. మర్నాడు పొద్దున సాక్సు తొడుక్కోవడానికి వంగితే మాత్రం కొయ్యలా బిగుసుకుపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి సర్దుకుంటుంది.

65 దాటినవారు కూడా వారానికి కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం చేయాలని, తీవ్రత మధ్యస్థంగానో అంతకు మించో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బాగుంది, నా నడుముకు అది ఎన్ని కిలోలు?

ఈ వయసులో భారీ బరువులు ఎత్తుతున్నవారినే అడుగుతున్నాను. ఈ పొద్దుటి బిగుతు మామూలు కండరాల నొప్పేనా, హెచ్చరికా? మీరైతే బరువు తగ్గించారా, లేక బరువు అలాగే ఉంచి ఎత్తే సార్లు తగ్గించారా? ‘మానెయ్యండి’ అన్న సలహా ఇంట్లో రోజూ దొరుకుతోంది, అది తప్ప ఏదైనా చెప్పండి.