వ్యాపారం కలిస్తే ఇజ్రాయెల్–పాలస్తీనా గొడవ తగ్గాలి కదా, మరి లెక్క ఎక్కడ తప్పుతోంది?

మల్లేపల్లి_మేస్త్రి:
2024లో ఇజ్రాయెల్ బిల్డింగ్ పనుల కోసం మన హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్. జీతం నెలకు 6,100 షెకెల్స్, మన లెక్కలో లక్షా ముప్పై వేల పైమాటే. 2023 అక్టోబర్ 7 దాకా ఆ పనులు ఎక్కువగా చేసింది పాలస్తీనా కూలీలు. వెస్ట్ బ్యాంక్ నుంచి లక్షన్నర మంది దాకా, గాజా నుంచి ఇంకో 18 వేల మంది దాకా పర్మిట్ మీద పోయేవాళ్లు. ఆ రోజు హమాస్ దాడి తర్వాత ఆ పర్మిట్లు ఆపేశారు.

నా సందేహం ఇదీ. అన్నన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది అవతలివాళ్ల జీతంతోనే అయినప్పుడు, 'కలిసి సంపాదించుకుంటే కొట్టుకోరు' అన్న మాట ఎందుకు నిలబడలేదు? ఫ్రాన్స్, జర్మనీ బొగ్గు, ఉక్కు దగ్గర మొదలుపెట్టి కలిసిపోయాయి కదా. తప్పెవరిది అనే పంచాయితీ మాత్రం వద్దు. పైసలు, సరుకు, పర్మిట్ ఎట్లా కదులుతాయో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_నర్సింహ:
ముందు పారిస్ ప్రోటోకాల్ సంగతి చూడాలి, అంటే ఇజ్రాయెల్, పాలస్తీనా మధ్య వ్యాపారం, పన్నుల ఒప్పందం. 1994 ఏప్రిల్ 29న సంతకాలయ్యాయి. ఐదేళ్ల మధ్యంతర కాలానికని రాసుకున్నారు, ముప్పై ఏళ్లు దాటినా అదే నడుస్తోంది. దాని ప్రకారం రెండింటి మధ్య సుంకం లేదు. బయటి దేశాల సరుకు మీద, కొన్ని జాబితాలు తీసేస్తే, ఇజ్రాయెల్ రేటే పాలస్తీనా రేటు. పాలస్తీనాకు రేవు లేదు, సొంత కరెన్సీ లేదు. కంటైనర్ ఇజ్రాయెల్ రేవులైన అష్‌దోద్‌లోనో హైఫాలోనో దిగుతుంది. సుంకం, వ్యాట్ ఇజ్రాయెల్ కస్టమ్స్ వసూలు చేసి, 3 శాతం సర్వీసు చార్జీ పట్టుకుని, నెలకోసారి రామల్లాకు, అంటే అక్కడున్న పాలస్తీనా ప్రభుత్వానికి, పంపాలి.

మన ఐజీఎస్టీ సెటిల్‌మెంట్ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను పంపకం) లాంటిదే అనిపిస్తుంది. కానీ మనకు జీఎస్టీ కౌన్సిల్‌లో ఓటుంది, లెక్క చూడటానికి కాగ్ ఉంది, కాదంటే సుప్రీంకోర్టుకు పోవచ్చు. అక్కడ జాయింట్ ఎకనమిక్ కమిటీ అని ఒకటి రాసుకున్నారు గానీ, ఇద్దరికీ కుదరకపోతే తేల్చే మూడోవాడు లేడు.

ఒక ఇన్‌వాయిస్ ప్రయాణం చూడండి. వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ వ్యాపారి ఇజ్రాయెల్ కంపెనీ దగ్గర లక్ష షెకెల్స్ సిమెంటు కొన్నాడనుకుందాం. 18 శాతం వ్యాట్, అంటే 18 వేలు, ముందు ఇజ్రాయెల్ ఖజానాలో పడుతుంది. అది రామల్లాకు రావాలంటే ఆ కొనుగోలు బిల్లును, అంటే క్లియరెన్స్ ఇన్‌వాయిస్‌ను, వ్యాపారి పాలస్తీనా పన్ను ఆఫీసులో ఇవ్వాలి. నెలనెలా రెండు వైపుల అధికారులు కూర్చుని ఇన్‌వాయిస్‌లు సరిచూసుకునే చోట అది బల్ల మీదికి రావాలి. ఆరు నెలలు దాటితే ఆ కాగితం చెల్లదు. ఆదాయపు పన్ను తప్పించుకుందామని వ్యాపారి దాన్ని డ్రాయర్‌లో దాచాడా, ఆ 18 వేలు ఇజ్రాయెల్‌లోనే ఉండిపోతాయి. ఇంకో కన్నం ఉంది. ఇజ్రాయెల్ దిగుమతిదారు చైనా సరుకు తన పేరు మీద తెప్పించి వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లస్‌లో అమ్మితే, దిగుమతి సుంకం పాలస్తీనా లెక్కలోకే రాదు. ఇలాంటి కన్నాలన్నీ కలిపి ఏడాదికి 28.5 కోట్ల డాలర్ల నష్టమని 2016లో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది.

పాలస్తీనా ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు మూడింట రెండొంతులు ఈ గొట్టంలోంచే రావాలి. కరెంటు, నీళ్లు, ఇజ్రాయెల్ ఆసుపత్రుల బిల్లులు ముందే కోసుకుంటారు. దాడుల కేసుల్లో జైలుకెళ్లినవాళ్ల కుటుంబాలకు రామల్లా ఇచ్చే డబ్బుకు సమానంగా కోయాలని 2018లో ఇజ్రాయెల్ చట్టం చేసింది, 2019 నుంచి కోత మొదలైంది. పూర్తిగా ఇస్తే ఇవ్వండి, లేకపోతే అసలు వద్దని రామల్లా కొన్ని నెలలు భీష్మించుకుంది. 2021 చివరి నుంచి అక్కడి టీచర్లకు, పోలీసులకు పూర్తి జీతం లేదు. సహకారం ఉందా అంటే ఉంది, కుళాయి మాత్రం ఒకరి చేతిలోనే ఉంది.

సరుకు_లోడు:
నర్సింహగారు కాగితం చెప్పారు, నేను లారీ చెబుతా. హెబ్రాన్‌లో కోసిన రాతి పలకలు ఇజ్రాయెల్ పోవాలంటే తర్కూమియా చెక్‌పోస్టు దగ్గర 'బ్యాక్ టు బ్యాక్'. పాలస్తీనా లారీ వెనక్కి వచ్చి ఆగుతుంది, ప్యాలెట్లు ఫోర్క్‌లిఫ్ట్‌తో దింపుతారు, స్కానర్‌లో పెడతారు, అవతల పాలస్తీనా ఆకుపచ్చ నంబర్ ప్లేటు కాకుండా పసుపు ప్లేటున్న ఇజ్రాయెల్ లారీలోకి ఎక్కిస్తారు. ఒకే లోడుకు రెండు బాడుగలు, రెండుసార్లు హమాలీ. స్కానర్ ఎత్తును బట్టి ప్యాలెట్ కట్టాలి కాబట్టి లారీ సగం గాలే మోస్తుంది. రాయి అంచులు విరుగుతాయి, టమాటా ఎండలో నీరుకారుతుంది, పాల లారీకి చల్లదనం తెగుతుంది. పాలస్తీనా ఎగుమతుల్లో 80 శాతం పైగా ఇజ్రాయెల్‌కే పోతాయి కాబట్టి ఇది పక్కదారి కాదు, అదే మెయిన్ రోడ్డు.

ఇదంతా ఎందుకంటే ఊరికే కాదు, అది కూడా రాయాలి. 2004 జనవరిలో గాజా అంచున ఎరెజ్ దగ్గర ఆత్మాహుతి దాడి జరిగింది. రెండు నెలలకు గాజా నుంచి కంటైనర్‌లో దాక్కుని వచ్చినవాళ్లు అష్‌దోద్ రేవులో పదిమందిని చంపారు. ఎరెజ్‌లో పాలస్తీనా కార్మికులు వేల సంఖ్యలో పనిచేసిన ఇండస్ట్రియల్ ఏరియా, 1970ల నాటిది, ఆ ఏడాదే మూతపడింది. షెడ్లు కట్టినంత తేలిక కాదు గేటు తెరిచి ఉంచడం.

2018 నుంచి కొన్ని ఫ్యాక్టరీలకు 'డోర్ టు డోర్' ఇచ్చారు. ఫ్యాక్టరీలోనే కెమెరా, కంచె, సీలు. లారీ సీలుతోనే వెళ్లిపోతుంది, మధ్యలో దింపడం లేదు. ఖర్చు తగ్గింది. కానీ ఆ పెట్టుబడి పెట్టగలిగింది పెద్దవాళ్లే.

గల్ఫ్_బాధితుల_డెస్క్:
పర్మిట్ సంగతి మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది: ఆజాద్ వీసా. పర్మిట్ మీద ఇజ్రాయెల్ యజమాని పేరుండేది, పని ఇంకోచోట. మధ్యలో బ్రోకర్‌కు నెలకు రెండు వేల షెకెల్స్ పైన. 2020 డిసెంబర్‌లో కన్‌స్ట్రక్షన్ కూలీలకు పర్మిట్‌ను యజమాని నుంచి విడదీసే మార్పు తెచ్చారు, బ్రోకర్లు మాత్రం పోలేదు. తెల్లవారుజామున మూడు నాలుగింటికే చెక్‌పోస్టు క్యూ, సాయంత్రం మళ్లీ అదే గేటు.

అసలు ప్రశ్నకు వస్తే, 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ చేతికి వచ్చాక, దాని రక్షణ మంత్రి మోషే దయాన్ గేట్లు తెరిచి పెట్టాడు. 1980ల్లో వెస్ట్ బ్యాంక్, గాజా కూలీల్లో మూడో వంతు మంది దాకా ఇజ్రాయెల్‌లోనే పనిచేసేవాళ్లు. జీతం పెరిగింది, ఇళ్లు లేచాయి. అయినా 1987 డిసెంబర్‌లో ఇంతిఫాదా (పాలస్తీనియన్ల తిరుగుబాటు) అంటుకున్నది ఎక్కడ? గాజాలోని జబాలియా శరణార్థి శిబిరంలో. ఇజ్రాయెల్ లారీ గుద్ది పని నుంచి తిరిగొస్తున్న కూలీలు నలుగురు చనిపోయారు, మర్నాటికి ఊరంతా వీధిలో ఉంది. అందరికన్నా ఎక్కువగా 'కలిసిపోయింది' ఆ కూలీలే. కూలీ డబ్బు కడుపు నింపింది గానీ, భూమి, ఓటు, కోర్టు సంగతి ఎక్కడిదక్కడే ఉంది.

బొగ్గు, ఉక్కు పోలిక అందుకే అతకదు మేస్త్రిగారూ. 1952లో ఫ్రాన్స్, జర్మనీ ఇద్దరికీ పైన ఒక ఉమ్మడి అథారిటీ కూర్చుంది. గని నీదైనా మాట దానిది.

మౌలాలి_రావు:
అందరూ ఒకవైపే రాస్తున్నారు, కాస్త ఆగండి. పనిచేసినవి కూడా ఉన్నాయి.

2009లో వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ దగ్గర జలమే గేటు కార్లకు తెరిచారు. ఇజ్రాయెల్‌లోని అరబ్బులు శనివారం సామాన్లకు, పళ్ల డాక్టర్‌కు జెనిన్ రావడం మొదలైంది, బజారు లేచి కూర్చుంది. 2017 జూలైలో అదే జలమేలో కరెంటు సబ్‌స్టేషన్ ప్రారంభించారు. అంతకుముందు లెక్కలేనన్ని చిన్న కనెక్షన్లు, ఎవరి మీటర్ ఎవరిదో తేలని బాకీలు. 2016లోనే రెండు వందల కోట్ల షెకెల్స్ బాకీ మీద ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. పెద్ద సబ్‌స్టేషన్‌తో ఒకేచోట కొలిచి, ఒకే బిల్లు. మన డిస్కం ఇంజనీర్‌ను ఎవరినడిగినా చెబుతాడు, సగం గొడవ మీటర్ దగ్గరే తీరుతుంది.

మాదాపూర్ వాళ్లకు నచ్చేది ఇంకోటి. ఎన్‌విడియా 2020లో కొన్న మెలనాక్స్ అనే ఇజ్రాయెల్ చిప్ కంపెనీ రామల్లా వైపు పాలస్తీనా ఇంజనీర్లకు పని ఇచ్చింది. కోడ్‌కు ప్యాలెట్ అక్కర్లేదు, స్కానర్ అక్కర్లేదు. అయినా సెల్‌ఫోన్ తరంగాల కేటాయింపు ఇజ్రాయెల్ చేతిలోదే, వెస్ట్ బ్యాంక్‌కు 3జీ వచ్చింది 2018 జనవరిలో. నగరం చుట్టూ 4జీ మోగుతుంటే 3జీ కోసం ఎదురుచూడటం ఊహించుకోండి.

మల్లేపల్లి_మేస్త్రి:
అంటే ఈజిప్టు–ఇజ్రాయెల్ ఫ్యాక్టరీ ఒప్పందం లాంటిది ఇక్కడ కుదరదా? అక్కడ ఇన్నేళ్లూ ఆగలేదు కదా.

సరుకు_లోడు:
2004 క్యూఐజెడ్ (ఎగుమతి ఫ్యాక్టరీల ప్రత్యేక మండలాల ఒప్పందం) అంటున్నారా? బట్టలో ఇజ్రాయెల్ సరుకు 11.7 శాతం ఉంటే అమెరికాలో సుంకం ఉండదని ఒప్పందం, 2007లో 10.5 శాతానికి దించారు. దారం, జిప్పు, రంగు, ప్యాకింగ్‌తో ఆ శాతం నింపుతారు. అది నిలబడటానికి ముఖ్య కారణం, ఈజిప్టుకు తన రేవు, తన కస్టమ్స్, తన కరెన్సీ ఉన్నాయి. ఇటువాడు అలిగితే అటువాడి ఆర్డర్ కూడా పోతుంది. స్నేహం పెరిగిందా అంటే పెద్దగా లేదు, బట్టలు మాత్రం పోతున్నాయి.

వెస్ట్ బ్యాంక్‌లో అదే చేయాలంటే ముందు స్థలం కావాలి. 60 శాతం నేల ఏరియా సి, అంటే ఇజ్రాయెల్ అదుపులో ఉన్న భాగం, అనుమతి ఇజ్రాయెల్‌ది. ఆ నేల వాడుకోనిస్తే ఏడాదికి 340 కోట్ల డాలర్ల ఉత్పత్తి పెరిగేదని 2013లో ప్రపంచ బ్యాంకు చెప్పింది.

లెక్కల_నర్సింహ:
పైన నేను రాసినదానికి ఒక సవరణ. 3 శాతం చార్జీ దిగుమతుల వసూళ్ల మీదే, ఆ సిమెంటు ఇన్‌వాయిస్ వ్యాట్ మీద కాదు, కలిపేయకండి. ఇంకోటి, పాలస్తీనా వ్యాట్ ఇజ్రాయెల్ కన్నా రెండు పాయింట్లకు మించి తక్కువ ఉండకూడదని ప్రోటోకాల్‌లోనే ఉంది. రామల్లా రేటు 16. ఇజ్రాయెల్ 2025 జనవరిలో 17 నుంచి 18 చేసింది. ఇంకొక్క పాయింటు పెంచితే రామల్లా కూడా పెంచాల్సిందే, అక్కడి దుకాణదారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.