అప్‌డేట్: ఆయిల్ ఫిల్టర్ డీలర్ దగ్గరా, బయటా? పొద్దున వచ్చే చప్పుడు పోయింది

నెల క్రితం అడిగాను: బయట కొన్న ఫిల్టర్ వేయించినప్పటి నుంచి మా పెట్రోల్ కారు పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమంటోంది, ఇక డీలర్ ఫిల్టరే వేయించాలా అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ చూడండి" అన్నదే కరెక్ట్. మెకానిక్ ఆ ఫిల్టర్ విప్పి, డబ్బా కోసి చూపించాడు. ఆ వాల్వ్ అంటే పల్చటి రబ్బరు బిళ్ల. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపాలి. మాది అట్టముక్కలా బిగుసుకుపోయి, ఒక పక్క అంచు పైకి లేచి ఉంది. వేలితో నొక్కినా వంగలేదు. మా ఇంజిన్‌కి ఫిల్టర్ అడ్డంగా ఉంటుంది, అందుకే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయేది. పొద్దున ప్రెషర్ వచ్చేదాకా ఆ చప్పుడు.

చివరికి వేయించింది డీలర్ ఫిల్టర్ కాదు. పార్ట్ నంబర్ సరిచూసుకుని, సిలికాన్ వాల్వ్ ఉన్న బయటి ఫిల్టరే తీసుకున్నాం. పన్నెండు రోజులైంది, ఒక్కసారి కూడా చప్పుడు లేదు.

ఆయిల్ గ్రేడ్‌కి దీనితో సంబంధం లేదు, అదే 5డబ్ల్యూ-30 వాడుతున్నాం. టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల ఉండే గొలుసు) పాడై ఉంటుంది అన్నారని చాలా టెన్షన్ పడ్డాను, అదీ కాదు.

ఫిల్టర్ మార్చేటప్పుడు పాత గాస్కెట్ (ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు రింగు) ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో తప్పకుండా చూడండి. రెండు గాస్కెట్లు పడితే ఆయిల్ మొత్తం కారిపోతుంది.