టన్‌స్టల్ బిషప్ గోడమీద పిల్లేనా?

గోదారిగట్టు: ఇంగ్లండులో కత్‌బర్ట్ టన్‌స్టల్ అనే కేథలిక్ బిషప్ ఉండేవాడు. 1522లో లండన్‌కి, 1530 నుంచి డరం ఊరికి బిషప్. 1529లో స్నేహితుడు థామస్ మోర్‌తో కలిసి కాంబ్రే సంధికి రాయబారిగా వెళ్లాడు. చర్చికి పోప్ కాదు, రాజే పెద్ద అని ఎనిమిదో హెన్రీ అంటే ఒప్పుకోక 1535లో ఆ మోర్ తల పోగొట్టుకున్నాడు. ఈయన ఒప్పుకుని పదవి నిలబెట్టుకున్నాడు. గోడమీద పిల్లి అంటే వేరే ఉంటుందా?

గుంటూరుఘాటు: పిల్లికి రెండుసార్లు పదవి ఎలా పోయిందండీ? హెన్రీ కొడుకు, ప్రొటెస్టెంట్ రాజు ఎడ్వర్డ్ కాలంలో జైల్లో పెట్టి, 1552లో పీకేశారు. తర్వాత వచ్చిన కేథలిక్ రాణి మేరీ తిరిగిచ్చింది. ఆమె ఏలుబడిలో చాలాచోట్ల ప్రొటెస్టెంట్లను తగలబెడుతుంటే డరంలో ఒక్కరినీ కాల్చలేదు. 1559లో ఎలిజబెత్ రాణి, చర్చికి తనే పెద్ద అని ప్రమాణం చేయమంటే చేయనని మళ్లీ పదవి పోగొట్టుకుని, 85 ఏళ్ల వయసులో లాంబెత్‌లో కాపలా మధ్యే పోయాడు.

పుస్తకాలపురుగు: మనుషుల్ని కాల్చలేదు సరే. 1526లో సెయింట్ పాల్స్ దగ్గర టిండేల్ అనే ఆయన ఇంగ్లిష్‌లోకి అనువదించిన బైబిల్ కొత్త నిబంధనను కాల్పించింది ఎవరు? ఈ బిషప్పే కదా.

చింతచెట్టు: కొని మరీ కాల్చాడట. ఆ డబ్బుతోనే టిండేల్ ఇంకా మంచి ముద్రణ వేశాడని ఆ కాలపు చరిత్రకారుడు హాల్ రాశాడు 😀

పుస్తకాలపురుగు: ఆ కొన్న బేరం ఆంట్‌వెర్ప్‌లో, 1526 తర్వాతి మాట. రెండూ కలపకండి.

చింతచెట్టు: 1522లో లెక్కల పుస్తకం రాసి మోర్‌కే అంకితమిచ్చాడు. లెక్క తప్పకుండా బతికాడు మరి.

గోదారిగట్టు: పుస్తకాలు వదిలేయండి. 1559లో కుదరదన్న మనిషి 1535లో ఎందుకు అనలేదు? 85 ఏళ్లకి తెగింపు ఎవరికైనా వస్తుంది.

గుంటూరుఘాటు: మీరైతే తల ఇచ్చేవారా? ఫోన్ పట్టుకుని మంచం మీద పడుకుంటే అందరూ వీరులే.

గోదారిగట్టు: నా సంగతి తెలీదు. మా నాన్న దొంగ బిల్లు మీద సంతకం పెట్టనన్నాడు, సస్పెండ్ చేశారు. పక్క సీటాయన పెట్టాడు. పెట్టి, నెలనెలా మా ఇంటికి బియ్యం బస్తా పంపేవాడు. ఆయన్ని మంచోడు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గుంటూరుఘాటు: ఆయనా సస్పెండైతే ఆ బస్తా ఎవరు పంపేవారండీ?

గోదారిగట్టు: అమ్మ కూడా అదే అనేది. నాన్న ఆ అన్నం ముట్టేవాడు కాదు. మేం తినేవాళ్లం.

పుస్తకాలపురుగు: ఆంట్‌వెర్ప్ సంగతి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.