కారు ఎడమకి లాగుతోంది, అలైన్‌మెంటేనా ఇంకేమన్నానా?

గేర్‌బాక్స్_గోల:
స్టీరింగ్ మీద చెయ్యి కాస్త లూజ్ చేస్తే చాలు బండి మెల్లగా ఎడమకి పోతోంది, తిన్నగా పోనివ్వాలంటే స్టీరింగ్‌ని కొద్దిగా కుడికి పట్టుకునే ఉండాలి, లోగో కూడా కుడికి ఒరిగి కనిపిస్తోంది. మొన్నామధ్య ఎడమ ముందు చక్రం ఓ గుంతలో గట్టిగా పడింది, అప్పట్నుంచే అనుకుంటా. దానికి తోడు 90 దాటితే స్టీరింగ్ సన్నగా వణుకుతోంది, 110 దగ్గర మళ్ళీ తగ్గుతోంది. ఒకరు బ్యాలెన్సింగ్ అంటారు, ఒకరు అలైన్‌మెంట్ అంటారు. షాపుకి వెళ్ళే ముందు ఏదో మనమే తేల్చుకునే దారి ఉందా?

వీల్‌స్పానర్:
రెండూ వేరే వేరే బ్రో, బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్‌కి చిన్న బరువులు అంటించడం, అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచెయ్యడం. వణుకు ఒక స్పీడ్‌లోనే వచ్చి పోతోందంటే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్, లేదా గుంత దెబ్బకి రిమ్ వంగి ఉండొచ్చు. అలైన్‌మెంట్ పోతే వణుకు రాదు, లాగడం, స్టీరింగ్ వంకర, టైరు అరుగుదల, ఇవీ లక్షణాలు. రిమ్ లోపలి వైపు టార్చ్ వేసి చూడు, అంటించిన బరువు ఊడిపోయుంటే అక్కడ మాత్రం మట్టి లేకుండా చిన్న చదరం మచ్చ కనిపిస్తుంది.

పాత_మెకానిక్:
బాబూ ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చెక్ చెయ్యి, ఎడమ టైర్లో గాలి తక్కువున్నా అటే లాగుతుంది, నవ్వకు, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత రోడ్డు సంగతి. నీళ్ళు పోవడానికి రోడ్డు అంచులకి వాలుగా వేస్తారు కాబట్టి ఎడమ పక్కన నడిపే చోట ఏ బండైనా కొంచెం ఎడమకి జారుతుంది, అది రోగం కాదు, బల్లపరుపుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ రెండు వైపులా నడిపి చూస్తేనే తెలుస్తుంది.

ఇక టైరు. అరచేత్తో ట్రెడ్ మీద లోపల్నుంచి బయటికి ఒకసారి, బయట్నుంచి లోపలికి ఒకసారి రాయి. ఒక వైపు నున్నగా జారి రెండో వైపు రంపం పళ్ళలా చేతికి తగులుతుంటే టో (పైనుంచి చూస్తే చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉన్నట్టే, ఇది కంటికి కనపడకముందే చేతికి తెలుస్తుంది (తీగలు బయటపడ్డ టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకు, కోసుకుంటుంది). ఒక అంచు మాత్రమే అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం) గానీ టో గానీ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, ఈ రెండింటికీ అలైన్‌మెంట్‌తో పని లేదు.

అప్పటికీ తేలకపోతే ముందు టైర్లు రెండూ కుడిఎడమలు మార్చి నడిపి చూడు. లాగడం ఇప్పుడు కుడికి మారితే తప్పు టైరుది. టైరు మీద తిరిగే దిశ బాణం ఉంటే మాత్రం అలా మార్చకూడదు.

గేర్‌బాక్స్_గోల:
థాంక్స్ అన్నా, అన్నీ చూశా. గాలి కరెక్టే, చేత్తో రాస్తే రెండు వైపులా ఒకేలా ఉంది, టైర్లు మార్చినా ఎడమకే పోతోంది. వణుకు మాత్రం బ్యాలెన్సింగే, చెప్పినట్టే మచ్చ ఉంది. మరి అలైన్‌మెంట్ చేయిస్తే లాగడం పోతుందా?

వీల్‌స్పానర్:
కొంచెం దూరం నడిపి ఆగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు. ఎడమది మిగతావాటికంటే బాగా కాలుతుంటే బ్రేక్ పట్టేసినట్టు. అది కాదంటే పెద్దాయన చెప్తారు.

పాత_మెకానిక్:
షాపుల్లో చాలావరకు అలైన్‌మెంట్ అంటే ముందు చక్రాల టో సరిచేసి పంపడమే, చాలా కార్లకి క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో, అది పక్కనుంచి చూస్తే వెనక్కి వాలి ఉండే కోణం) తిప్పడానికి బోల్టే ఉండదు. టో తప్పితే టైరు తింటుంది, స్టీరింగ్ వంకరవుతుంది, కానీ ముందు టో వల్ల బండి ఒక పక్కకి లాగడం అరుదు. ఎందుకంటే తేడా రెండు చక్రాలకీ పంచుకుపోతుంది. అందుకే జనం అలైన్‌మెంట్ చేయించుకొచ్చి ఇంకా లాగుతోందని మొత్తుకుంటారు.

నీ బండికి గుంత దెబ్బకి చక్రం వెనక్కి జరిగి ఉంటుందని నా అనుమానం. అలా జరిగితే ఆ పక్క క్యాస్టర్ తగ్గుతుంది, క్యాస్టర్ ఏ పక్క తక్కువైతే అటే లాగుతుంది, టైరేమో బాగానే ఉంటుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, చక్రానికీ దాని వెనక ఫెండర్ అంచుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో కుడి పక్క చూసి ఎడమ పక్క చూడు.

గేర్‌బాక్స్_గోల:
ఎడమ పక్క ఒక వేలు తక్కువ పడుతోంది!!

పాత_మెకానిక్:
అయితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి పట్టి ఉంచే కడ్డీ) గానీ దాని బుష్ (రబ్బరు కీలు) గానీ చూపించు, బండి లిఫ్ట్ ఎక్కించి టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), బాల్ జాయింట్లలో (గుండ్రటి కీళ్ళలో) వదులు ఉందేమో కూడా చూడమను. పోయిన పార్టు మార్చాకే అలైన్‌మెంట్, అంతకుముందు చేయిస్తే డబ్బు దండగ. చేసేటప్పుడు స్టీరింగ్ మధ్యలో లాక్ చేశారో లేదో చూసుకో, ముందూ తర్వాతా రీడింగుల ప్రింటౌట్ రెండూ అడిగి తీసుకో, క్యాస్టర్ కుడి ఎడమ పక్కపక్కన పోల్చి చూడు. స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారిపోకుండా చూసే సిస్టమ్) ఉన్న బండైతే చివర్లో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ (స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పేది) జీరో చెయ్యాలేమో కూడా అడుగు.