ముక్కు ఆపరేషన్ తర్వాత కళ్లజోడు ఎలా నిలబెట్టుకోవాలి?

వచ్చే నెల రెండో వారంలో నాకు విజయవాడలో రైనోప్లాస్టీ. ముక్కు ఎముక కూడా సరిచేస్తారు. మిగతా ఏర్పాట్లు డాక్టర్ గారు చెప్పినట్టే నడుస్తున్నాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి రక్తస్రావం పెంచే మాత్రలు, విటమిన్ ఇ క్యాప్సూల్స్ ఆపేశాను. చిక్కంతా కళ్లజోడుతోనే.

రెండు కళ్లకీ మైనస్ 6.5. జోడు తీస్తే ఎదుటి మనిషిని పోల్చుకోలేను. ముక్కు కదలకుండా పైన పెట్టే గట్టి పట్టీ (స్ప్లింట్) వారానికి తీస్తారట. అక్కణ్ణుంచి 6 వారాల దాకా ముక్కు మీద బరువు పడకూడదన్నారు. ఎముక అతుక్కునేలోపు ఫ్రేమ్ నొక్కితే ఆకారం మారొచ్చట. నాది అకౌంట్స్ పని, రోజంతా కంప్యూటర్ ముందే. రెండు వారాలకు మించి సెలవు దొరకదు. ఆ టెన్షన్ ఒకటి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టి చూశాను. గంట దాటితే కళ్లు ఎర్రబడి ఒకటే మంట. కళ్లు బాగా పొడిగా ఉన్నాయి, లెన్సులు వద్దన్నారు కంటి డాక్టర్. ఫ్రేమ్ మధ్యలో మైక్రోపోర్ టేపు చుట్టి నుదుటికి అంటించి చూశాను. ఏసీలో పర్లేదు. బయటికొస్తే మన బెజవాడ ఉక్కకి టేపు ఒక అంచు నుంచి లేచి, జోడు మెల్లగా జారి సరిగ్గా ముక్కు దూలం మీదే కూర్చుంటోంది. బీసెంట్ రోడ్డు షాపుల్లో అడిగితే తేలిక ఫ్రేములు చూపించారు గానీ, అవీ ముక్కు మీద ఆనేవే.

ఇంత పవర్ ఉండి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి: ఆ 6 వారాలూ కళ్లజోడు ముక్కుకి తగలకుండా దేంతో, ఎలా నిలబెట్టారు?